డ్రాఫ్ట్ మర్నాడు ఇచ్చే గ్రేడ్లు నమ్మొచ్చా? టీమ్ తీసుకున్న కుర్రాళ్ళని మనం ఎలా అంచనా వెయ్యాలి?

ప్రశ్న పెద్దగా ఉంది కాబట్టి కుదించి రాస్తున్నా. అడిగినాయన డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారట, కొడుకుతో కలిసి మూడేళ్ళ నుంచి టెక్సస్ రేంజర్స్ అనే బేస్‌బాల్ టీమ్ మ్యాచ్‌లు చూస్తున్నారు. జులైలో డ్రాఫ్ట్ (హైస్కూల్, కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం) జరిగింది, టీమ్ 20 రౌండ్లలో కుర్రాళ్ళని తీసుకుంది, ఒక సైట్ ఏ మైనస్ ఇచ్చింది, ఇంకో సైట్ అదే డ్రాఫ్ట్‌కి సీ ప్లస్ ఇచ్చింది. "వీళ్ళలో ఎవడు పైకొస్తాడో మామూలు ఫ్యాన్‌కి తెలిసే దారి ఏమైనా ఉందా, కాలేజీ బ్యాటింగ్ యావరేజ్ చూస్తే సరిపోతుందా" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆ గ్రేడ్లు పక్కన పడెయ్యండి, కాలేజీ యావరేజ్ కూడా పక్కన పడెయ్యండి. ఒక్కో కుర్రాడి గురించి మూడు సంగతులు కనుక్కోండి చాలు. డ్రాఫ్ట్ రోజుకి వాడి వయసెంత, టీమ్ వాడికి ఎంత డబ్బిచ్చింది, బ్యాటర్ అయితే బంతి ఎంత తరచుగా మిస్సవుతున్నాడు (పిచ్చర్, అంటే బంతి వేసేవాడు అయితే ఎన్ని స్ట్రైకులు, అంటే బ్యాటర్ ఆడదగ్గ చోట పడే బంతులు వేస్తున్నాడు). ఈ మూడూ ఇంట్లో కూర్చుని ఎవరైనా తెలుసుకోవచ్చు. ఇవి చూసినా సగం తప్పుతాం, అది వేరే సంగతి, కానీ ఆ గ్రేడ్లు రాసేవాళ్ళ కంటే వెనకబడం.

నేనెవరో కూడా చెప్పాలి కదా. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, డల్లాస్ చుట్టుపక్కల చాలా ఏళ్ళుగా ఉంటున్నా. వీకెండ్స్‌లో ఒక మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) పార్కులో వీడియో తీసే పనితో మొదలుపెట్టి తర్వాత ఒక మేజర్ లీగ్ క్లబ్బుకి అసోసియేట్ స్కౌట్‌గా, అంటే కుర్రాళ్ళ ఆట చూసి రిపోర్ట్ రాసేవాడిగా, తొమ్మిది సీజన్లు చేశా. పేరు వినడానికి గొప్పగా ఉంటుంది కానీ జీతం లేదు, పెట్రోలు డబ్బులు, ఒక టోపీ, అప్పుడప్పుడూ థాంక్యూ అని ఒక మెసేజ్, అంతే. ఫిబ్రవరి నుంచి మే దాకా హైస్కూల్ గ్రౌండ్లు, జూనియర్ కాలేజీ గ్రౌండ్లు తిరగడం, చేతిలో రాడార్ గన్, మెడలో స్టాప్‌వాచ్, ఇంటికొచ్చాక రిపోర్ట్ టైప్ చేసి మా ఏరియా స్కౌట్‌కి పంపడం. నా రిపోర్టుల్లో నిజమైనవాటి కంటే తప్పినవే ఎక్కువ, ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా నిజాయితీగా మాట్లాడితే ఇదే మాట చెప్తారు.

ముందు గ్రేడ్ల సంగతి. ఆ సైట్లకి సొంతంగా ఒక ప్రాస్పెక్ట్ లిస్ట్, అంటే పైకొస్తారనుకునే కుర్రాళ్ళ వరస ఉంటుంది, ఒకటి నుంచి రెండొందలో ఐదొందలో. టీమ్ వాళ్ళ లిస్టుకి దగ్గరగా తీసుకుంటే ఏ, లిస్టులో నూట ఇరవైలో ఉన్నవాణ్ణి నలభైలో తీసుకుంటే సీ. అంటే ఆ గ్రేడ్ కొలిచేది కుర్రాణ్ణి కాదు, టీమ్ తమ మాట విందా లేదా అన్నదాన్ని. మీ టీమ్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది, ఎవన్ కార్టర్. 2020లో కోవిడ్ వల్ల డ్రాఫ్ట్ ఐదు రౌండ్లకి కుదించారు, రేంజర్స్ రెండో రౌండ్లో, మొత్తం మీద 50వ పిక్‌తో టెనెసీలోని ఎలిజబెత్‌టన్ అనే చిన్న ఊరి హైస్కూల్ కుర్రాణ్ణి తీసుకున్నారు. పేరున్న లిస్టుల్లో చాలావాటిలో అతని పేరే లేదు. ఎవడీడు, ఎందుకు తీసుకున్నారు అని ఎగతాళి చేసినవాళ్ళలో నేనూ ఉన్నా, దాచడం ఎందుకు. 2023 సెప్టెంబర్‌లో పైకి పిలిచారు, అక్టోబర్ నాకౌట్ మ్యాచ్‌ల్లో 9 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్లు) కొట్టాడు, నవంబర్ 1న టీమ్ చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అతను 21 ఏళ్ళ కుర్రాడు. తర్వాత వెన్నునొప్పితో చాలా మ్యాచ్‌లు పోయాయి, అది కూడా ఈ లెక్కలో భాగమే, కానీ 50వ పిక్‌కి ఇంతకంటే ఏం కావాలి?

అతనిలో వాళ్ళు ఏం చూశారు అనేది ఇప్పుడు వెనక్కి తిరిగి చెప్పడం తేలికే కానీ, రెండు మాత్రం అప్పుడే కనిపించేవి, ఎవరైనా చూస్తే. ఒకటి, డ్రాఫ్ట్ రోజుకి 17 ఏళ్ళు, ఆగస్టు చివర్లో గానీ 18 రావు. రెండు, చెత్త బంతికి బ్యాట్ ఊపడు.

వయసు గురించి ఇంకొంచెం. హైస్కూల్ కుర్రాళ్ళందరూ ఒక్క క్లాసే కానీ ఒకడికి 17 ఏళ్ళ 9 నెలలు, ఇంకొకడికి 19 నిండుతాయి. మనకి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ఆ వయసులో ఒక్క ఏడాదంటే పది కేజీల కండ, బ్యాట్ స్పీడు, అన్నీ మారిపోతాయి. చిన్నవాడు పెద్దవాడితో సమానంగా కొడుతున్నాడంటే వాడి దగ్గర ఇంకా ఖర్చుపెట్టని సరుకు ఉన్నట్టే. చాలా ఏళ్ళ కిందట ఒకాయన పాత డ్రాఫ్టులన్నీ తిరగేసి లెక్క కట్టాడు కూడా, హైస్కూల్ బ్యాటర్లలో దాదాపు ఒకే స్థానంలో తీసుకున్నా చిన్న వయసువాళ్ళు ఎక్కువ ఫలితం ఇచ్చారని. ఈ తరం గొప్ప ఆటగాళ్ళలో ఒకడైన మైక్ ట్రౌట్‌కి 2009లో డ్రాఫ్ట్ అయినప్పుడు 17 ఏళ్ళే. కాలేజీ వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, 20 ఏళ్ళకే మూడో ఏడాది పూర్తిచేసినవాడు, 22 ఏళ్ళ సీనియర్ ఒకే అంకెలు పెడితే అవి ఒకే అంకెలు కావు. పుట్టినరోజు ఏ ప్లేయర్ పేజీలోనైనా ఉంటుంది, ముందు అది చూసి ఆ తర్వాతే మిగతాది చదవండి.

మాది ఒంగోలు పక్కన పల్లె, మా తాతయ్య దూడల బేరానికి వెళ్ళేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. అందరూ నిగనిగలాడే దూడ చుట్టూ మూగితే ఆయన దాని జోలికి పోడు, పక్కన బక్కగా నిలబడ్డ దూడ కాళ్ళు చూసేవాడు, ఎముక లావు చూసేవాడు, నాలుగడుగులు నడిపించమనేవాడు, ఆఖర్న "దీని తల్లేదీ" అని అడిగేవాడు. ఇక్కడ హైస్కూల్ గ్రౌండ్లో మొదటిసారి ఒక పాత స్కౌట్ పక్కన కూర్చున్నప్పుడు ఆయన నాతో మొదట అన్న మాట ఏంటో తెలుసా, "ఆ స్టాండ్‌లో కూర్చున్నది వాళ్ళ నాన్నా? ఎంత పొడుగున్నాడు?" నాకు నవ్వాగలేదు. భుజాలు వెడల్పుగా ఉండి, నడుము సన్నగా ఉండి, ఇంకా గడ్డం సరిగ్గా రాని కుర్రాడంటే వాళ్ళకి ప్రాణం. ఇప్పటికే పూర్తిగా పెరిగిపోయి మిగతా పిల్లల మధ్య మేనమామలా కనిపించేవాణ్ణి అనుమానంగా చూస్తారు.

ఇక డబ్బు. ఫ్యాన్లు అస్సలు పట్టించుకోనిదీ, టీమ్ మనసులో మాట బయటపడేదీ ఇక్కడే. ఎన్నో పిక్ అని కాదు, ఎంత ఇచ్చారో చూడండి. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్కుకీ లీగ్ పెట్టిన ఒక స్లాట్ విలువ (సంతకం బోనస్‌కి అంచనా మొత్తం) ఉంటుంది, అవన్నీ కలిపితే ఆ టీమ్‌కి ఉన్న బోనస్ పూల్. 2012 నుంచి ఇదే పద్ధతి. ఆ పూల్‌ని 5 శాతం వరకూ దాటితే పన్ను కట్టాలి, అంతకు మించితే రాబోయే మొదటి రౌండ్ పిక్ పోతుంది, అందుకే ఎవరూ ఆ గీత దాటరు. ఒకచోట మిగిల్చి ఇంకోచోట పెడతారు, పెళ్ళి బడ్జెట్లో టెంట్ ఖర్చు తగ్గించి భోజనాల మీద పెట్టినట్టు. తొమ్మిది, పది రౌండ్లలో కాలేజీ సీనియర్లు వరసగా కనిపిస్తే వాళ్ళేదో గొప్ప అనుకోకండి, వాళ్ళు కొన్ని వేల డాలర్లకే సంతకం పెడతారు, మిగిలిన డబ్బు నాలుగో రౌండ్లో తీసుకున్న హైస్కూల్ కుర్రాడు కాలేజీకి పోకుండా ఆపడానికి. పైగా ఎవడైనా సంతకం పెట్టకపోతే వాడి స్లాట్ డబ్బు కూడా పూల్లోంచి పోతుంది, కాబట్టి ఇదంతా ముందే ఫోన్లలో మాట్లాడుకుని చేసే పని.

రేంజర్స్ 2022 డ్రాఫ్ట్ దీనికి పాఠంలా ఉంటుంది, అందులోనూ మనవాళ్ళందరికీ తెలిసిన పేరు, కుమార్ రాకర్. తల్లి లలిత ఇండియన్ అమెరికన్, తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో ఆడిన పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేయర్. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే, 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం) నో హిట్టర్ వేశాడు, అంటే అవతలి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో బేస్‌బాల్ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా ఆ క్లిప్ పంచుకున్నారు. 2021లో న్యూయార్క్ మెట్స్ టీమ్ 10వ పిక్‌తో తీసుకుని, మెడికల్ రిపోర్ట్ చూశాక అసలు ఆఫరే ఇవ్వలేదు. అతను మేజర్ లీగ్ క్లబ్బులతో సంబంధం లేని ఒక ఇండిపెండెంట్ లీగ్‌లో ట్రై-సిటీ అనే టీమ్‌కి కొన్ని మ్యాచ్‌లు వేసి, మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి వస్తే 2022లో రేంజర్స్ ఏకంగా 3వ పిక్‌తో తీసుకున్నారు. ఆరోజు అందరూ నోరెళ్ళబెట్టారు. కానీ లెక్క చూడండి, ఆ పిక్కు స్లాట్ దాదాపు 7.6 మిలియన్ డాలర్లు, అతనికి ఇచ్చింది 5.2 మిలియన్లు. సీగర్, సెమియన్ అనే ఇద్దరు స్టార్లని కొన్నందుకు ఆ ఏడాది వాళ్ళకి రెండో, మూడో రౌండ్ పిక్కులు లేవు, మిగిల్చిన డబ్బుతో నాలుగో రౌండ్లో మిషిగన్ హైస్కూల్ పిచ్చర్ బ్రాక్ పోర్టర్‌కి 3.7 మిలియన్లు ఇచ్చారు, ఆ పిక్కు స్లాట్ ఆరు లక్షల లోపే. అంటే కాగితం మీద నాలుగో రౌండ్, డబ్బులో మొదటి రౌండ్ కుర్రాడు.

ఫలితం ఏమైంది అంటే, రాకర్‌కి 2023 మే నెలలో మోచేతికి టామీ జాన్ సర్జరీ, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్ డెబ్యూ. పోర్టర్ స్ట్రైకవుట్లు బాగానే చేశాడు కానీ కంట్రోల్ దొరక్క ఇబ్బంది పడ్డాడు. అయితే ఐడియా చెడ్డదా? నా మటుకు కాదు. ఒక్క టికెట్ కొనే డబ్బుతో రెండు టికెట్లు కొన్నారు. మీ కొత్త బ్యాచ్‌ని చూసేటప్పుడు ఇదే చెయ్యండి, 20 పేర్లనీ రౌండ్ల వరసలో కాకుండా బోనస్ వరసలో రాసుకోండి. ఎవడు పైన తేలతాడో వాణ్ణే టీమ్ నిజంగా నమ్ముతోంది.

ఇప్పుడు మీరడిగిన కాలేజీ యావరేజ్. ఎందుకు వద్దన్నానంటే, ఒకటి వాళ్ళు ఆడేది మెటల్ బ్యాట్‌తో, రెండు ఎవరి మీద ఆడారో దాన్నిబట్టి ఆ అంకె సాగుతుంది. శుక్రవారం రాత్రి ఎస్ఈసీలో (పెద్ద కాలేజీల లీగ్) 97 మైళ్ళ బంతి ఎదుర్కొని .310 కొట్టినవాడికీ, మంగళవారం మధ్యాహ్నం చిన్న కాలేజీ నాలుగో పిచ్చర్ మీద దంచి .390 చేసినవాడికీ పోలికే లేదు. ఎత్తు మీద ఉన్న ఊళ్ళల్లో, న్యూ మెక్సికో లాంటి చోట్ల, బంతి తగిలితే చాలు గాల్లో తేలిపోతుంది. యావరేజ్ బదులు వాక్స్ (నాలుగు బయటి బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్ చేరడం) ఎన్ని, స్ట్రైకవుట్లు ఎన్ని పక్కపక్కన పెట్టి చూడండి, స్ట్రైకవుట్ల కంటే వాక్స్ ఎక్కువున్న కుర్రాడు, అదీ పెద్ద కాన్ఫరెన్స్‌లో అయితే, నేను వెంటనే పేరు రాసుకుంటా. రెండోది ఎండాకాలం కేప్ కాడ్ లీగ్‌లో ఎలా ఆడాడు, అక్కడ చెక్క బ్యాట్లు, ఎదురుగా దేశంలో మంచి పిచ్చర్లు. కాలేజీలో 20 హోమర్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టి కేప్‌లో మూడు మ్యాచ్‌లకోసారి బంతి తగిలించినవాణ్ణి చూశా, బోస్టన్ దగ్గర చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మా ఆవిడని బీచ్‌లో వదిలేసి నేను ఆ మ్యాచ్‌లకి పోయేవాణ్ణి, ఆ గొడవ ఇప్పటికీ ఉంది.

స్కౌట్లు వాడే 20 నుంచి 80 స్కేలు గురించి కూడా చాలామందికి అపోహ. 50 అంటే మేజర్ లీగ్ యావరేజ్, అంటే అప్పటికే ప్రపంచంలో ఓ వెయ్యి మందిలో ఒకడు, సగం మార్కులు కాదు. 60 అంటే బాగా మంచిది, 70 అరుదు, 80 అంటే జీవితంలో కొన్నిసార్లే రాస్తారు. బ్యాటర్‌కి ఐదు చూస్తారు, బంతి తగిలించడం, పవర్, పరుగు, చెయ్యి, ఫీల్డింగ్. ఫ్యాన్లు చేసే తప్పు ఇవన్నీ కూడేయడం. ఇవి సమానం కాదు. మొదటిది లేకపోతే మిగతా నాలుగూ ఇంట్లో పెట్టుకున్న వెండి కంచాల్లాంటివి. పవర్ 70, తగిలించడం 35 అని ఉన్నవాడు ప్రాక్టీసులో బంతుల్ని పార్కింగ్ లాట్‌లోకి కొడతాడు, జనం చప్పట్లు కొడతారు, డబుల్-ఏకి (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద) వెళ్ళి మంచి స్లైడర్ (వేగంగా వస్తూ పక్కకి తిరిగే బంతి) చూడగానే ఆట ఆగిపోతుంది. అందరికంటే కష్టంగా అంచనాకి దొరికేదీ ఆ తగిలించడమే, పరుగు అయితే స్టాప్‌వాచ్ చెప్తుంది (కుడిచేతి బ్యాటర్ కొట్టి మొదటి బేస్ చేరడానికి 4.3 సెకన్లంటే యావరేజ్), క్యాచర్ రెండో బేస్‌కి విసరడానికి 2 సెకన్లు, బంతి వేగం గన్ చెప్తుంది. కంటికీ బ్యాట్‌కీ ఉన్న లింకుని కొలిచే గన్ ఇంకా రాలేదు. ఇప్పుడు ట్రాక్‌మ్యాన్ లాంటి మెషీన్లతో జోన్ (బంతి స్ట్రైక్ అయ్యే చోటు) బయట బంతికి ఎంత శాతం ఊపాడు, జోన్ లోపల ఎంత శాతం మిస్సయ్యాడు అని తెలుస్తోంది, అది మాకు లేని అదృష్టం.

ఇక్కడ నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక జూనియర్ కాలేజీలో సెకండ్ బేస్ ఆడే కుర్రాడు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు ఉంటాడేమో, మొదటి రిపోర్టులో నేను రాసింది ఒకటే లైను, పొట్టి, బలం లేదు, మళ్ళీ చూడక్కర్లేదు అని. ఆ టీమ్‌లోనే ఇంకో పిచ్చర్ కోసం మళ్ళీ రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది, మూడో మ్యాచ్‌లో ఊసుపోక లెక్కపెడితే మూడాటల్లో కలిపి బ్యాట్ ఊపి బంతి మిస్సయ్యింది రెండేసార్లు. రెండే! అప్పుడు గుండె ఝల్లుమంది కానీ ఆల్రెడీ ఒక మాట రాసేశాక వెనక్కి తీసుకోవడానికి అహం అడ్డొచ్చి, కొంచెం మెత్తగా మార్చి పంపా, పట్టుబట్టలేదు. వేరే క్లబ్ చివరి రౌండ్లలో తీసుకుంది, ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) దాకా వెళ్ళాడు. పొట్టివాడైనా పెద్ద స్టార్ అయిన మూకీ బెట్స్ ఐదో రౌండ్ దాకా దొరికాడంటే నాలాంటి వాళ్ళు దేశమంతా ఉన్నారన్నమాటే.

పొజిషన్ గురించి రెండు ముక్కలే. హైస్కూల్లో మంచి ఆటగాడెవడైనా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ఆడతాడు, అందుకని డ్రాఫ్ట్ లిస్టులో సగం మంది పక్కన షార్ట్‌స్టాప్ అని ఉంటుంది, వాళ్ళలో చాలామంది థర్డ్ బేస్‌కో అవుట్‌ఫీల్డ్‌కో జరుగుతారు. ముందే ఫస్ట్ బేస్ ఆడేవాణ్ణి తీసుకుంటే వాడు కొట్టి తీరాలి, జరగడానికి ఇంకో చోటు లేదు. హైస్కూల్ క్యాచర్లంటే నాకు భయం, నేర్చుకోవాల్సింది చాలా, దెబ్బలు చాలా.

పిచ్చర్లు అసలైన జూదం. జాకబ్ డిగ్రోమ్ కాలేజీలో షార్ట్‌స్టాప్, 2010లో తొమ్మిదో రౌండ్. టారిక్ స్కూబల్ 2018లో తొమ్మిదో రౌండ్. ఇద్దరూ తర్వాత పెద్ద స్టార్ పిచ్చర్లయ్యారు. అదే బ్రియన్ టేలర్ 1991లో దేశంలోకెల్లా మొదటి పిక్, మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వెయ్యలేదు. మార్క్ అపెల్ 2013లో మొదటి పిక్, డెబ్యూ 2022లో, 30 ఏళ్ళకి. నా సొంత కేసు కూడా ఇలాంటిదే. ఒక కౌంటీ హైస్కూల్లో 96 మైళ్ళు వేసే కుర్రాడు, కంచె వెనకాల డజను రాడార్ గన్లు, ప్రతి బంతికీ అందరూ ఒకేసారి తలొంచి గన్ చూసుకోవడం, నేను ఊగిపోయి రెండు పేజీల రిపోర్ట్ రాశా. మా ఏరియా స్కౌట్ ఫోన్ చేసి ఒకటే అడిగాడు, "బ్రేకింగ్ బాల్ ఎన్ని వేశాడు, అందులో స్ట్రైకులెన్ని?" అంటే వంపు తిరిగే బంతులు. నేను లెక్కపెట్టనే లేదు. గన్ చూస్తూ కూర్చున్నా. ఆ కుర్రాడికి రెండుసార్లు మోచేతి సర్జరీ అయ్యింది, సింగిల్-ఏ దాటలేదు. అప్పట్నుంచి నేను గన్ పక్కవాడికిచ్చి నోట్‌బుక్‌లో గీతలు గీస్తా, మొదటి బంతి స్ట్రైకా కాదా, వెనకబడ్డప్పుడు (స్ట్రైకుల కంటే బయటి బంతులు ఎక్కువైనప్పుడు) ఏం వేశాడు, ఐదో ఇన్నింగ్స్‌లో అదే చేతి కోణం ఉందా పడిపోయిందా. ఇప్పుడు వేగం పెంచడం టీమ్‌లకి వచ్చేసింది, షేన్ బీబర్‌ని చూడండి, స్ట్రైకులు బాగా వేసే కాలేజీ పిచ్చర్ అని 2016లో నాలుగో రౌండ్లో తీసుకున్నారు, తర్వాత వేగం పెరిగి 2020లో సై యంగ్ (ఆ ఏడాది ఉత్తమ పిచ్చర్ అవార్డు) గెలిచాడు. స్ట్రైకులు రానివాడికి స్ట్రైకులు నేర్పడం మాత్రం ఎవరికీ సరిగ్గా రాలేదు. నాకు తెలిసినంతలో.

తీర్పు ఎప్పుడు చెప్పాలి అన్నదానికి వస్తా. మన వాళ్ళకి ఐపీఎల్ వేలం అలవాటు, ఈ వేలంలో కొన్నవాడు వచ్చే సీజన్లోనే గ్రౌండ్లో కనబడతాడు. ఇక్కడ అలా కాదు. మేజర్ లీగ్ చేరేలోపు కింద నుంచి పైకి కాంప్లెక్స్, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఇన్ని మెట్లు. డ్రాఫ్ట్ అయిన ఏడాది అంకెలు చూడనే వద్దు. కాలేజీ వాళ్ళు అప్పటికే ఫిబ్రవరి నుంచి ఆడి అలిసిపోయి వస్తారు, మహా అయితే ఓ పాతిక ముప్ఫై మ్యాచ్‌లు, పిచ్చర్లనైతే చాలాసార్లు బంతే ముట్టుకోనివ్వరు. చార్లీ కాండన్ 2024లో జార్జియాకి .433, 37 హోమర్లు, మూడో పిక్, ఆ ఎండాకాలం హై-ఏలో .180 కొట్టాడు. దాన్నిబట్టి ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. కాలేజీ వాడికి రెండు మూడేళ్ళు, హైస్కూల్ వాడికి నాలుగైదేళ్ళు ఆగండి. వయాట్ లాంగ్‌ఫోర్డ్ లాగా 2023 జులైలో డ్రాఫ్ట్ అయి 2024 ఓపెనింగ్ డేకే టీమ్‌లో ఉండేవాళ్ళు అరుదు, వాళ్ళని కొలబద్ద చేసుకుంటే మిగతా అందరూ ఫెయిలైనట్టే కనిపిస్తారు. జాక్ లైటర్ 2021లో రెండో పిక్, నేరుగా మీ ఫ్రిస్కోలోనే డబుల్-ఏలో మొదలుపెట్టి 2022లో 5.54 ఈఆర్ఏ (పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మంచిది), అప్పుడు అందరూ పోయాడన్నారు, 2025లో రేంజర్స్ రొటేషన్లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లలో) నిలబడ్డాడు.

మొత్తం డ్రాఫ్ట్‌ని ఎలా చూడాలి అంటే ఏంజెల్స్ 2009 కథ గుర్తు పెట్టుకోండి. వాళ్ళకి 24, 25 వరసగా రెండు పిక్కులు. 24తో రాండల్ గ్రిచుక్‌ని తీసుకున్నారు, 25తో ట్రౌట్‌ని. అంటే ట్రౌట్‌ని తెలివిగా పట్టేశారని మనం పొగిడే టీమ్ కూడా ముందు వేరేవాణ్ణే పిలిచింది! అదే డ్రాఫ్ట్‌లో టైలర్ స్కాగ్స్, గారెట్ రిచర్డ్స్, పాట్రిక్ కార్బిన్ వచ్చారు, స్కాగ్స్‌నీ కార్బిన్‌నీ ఏడాది దాటగానే, 2010 జులైలో, డాన్ హేరెన్ కోసం ట్రేడ్ చేసేశారు. ఆ ట్రేడ్‌లో వచ్చిన ఆటగాడు కూడా డ్రాఫ్ట్ లెక్కలోకే వస్తాడు. ఇంతచేసీ ఆ డ్రాఫ్ట్ నడిపిన స్కౌటింగ్ డైరెక్టర్‌ని 2010లో పంపించేశారు, ట్రౌట్ ఇంకా మేజర్ లీగ్ మెట్టు ఎక్కకముందే. ఆయన పరిస్థితి తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మనకి ఇంట్లోంచి తెలియనివి రెండు, ఒకటి మెడికల్, రెండోది కుర్రాడి స్వభావం. స్వభావం గురించి పేపర్లో రాసేదంతా ఒకటే మూసలో ఉంటుంది, అందరూ కష్టపడేవాళ్ళే, అందరూ మొదట వచ్చి చివర వెళ్ళేవాళ్ళే, దాన్ని వదిలెయ్యండి.

మీరు ఫ్రిస్కోలో ఉండటం మాత్రం పెద్ద అదృష్టం, రేంజర్స్ వాళ్ళ డబుల్-ఏ టీమ్ రఫ్‌రైడర్స్ పార్క్ మీ ఇంటి పక్కనే. డబుల్-ఏ అంటే అసలు వడపోత జరిగేది అక్కడే, అక్కడ పిచ్చర్లకి ప్లాన్ ఉంటుంది, వెనకబడ్డా స్లైడర్ వేస్తారు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే టీమ్‌తో ఆరు మ్యాచ్‌ల సిరీస్, కాబట్టి ఒక్క బ్యాటర్‌ని రెండు మూడు రోజులు చూస్తే ప్రత్యర్థులు అతన్ని కనిపెట్టాక ఎలా మారాడో తెలిసిపోతుంది. అవుట్‌ఫీల్డ్ వెనక నీళ్ళలో తేలుతూ మ్యాచ్ చూసే లేజీ రివర్ ఉంది, మీ అబ్బాయి అటు లాగుతాడు, లొంగకండి, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కాస్త పక్కగా కూర్చోండి. గంట ముందు వెళ్తే ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీస్ కనిపిస్తుంది. ఒక్క కుర్రాణ్ణి ఎంచుకుని వాడినే చూడండి, బంతి వాడి దగ్గర లేనప్పుడు కూడా. ఎన్ని బంతులకి ఊపాడు, ఎన్ని మిస్సయ్యాడు, జోన్ బయటవి ఎన్ని వదిలాడు, మూడు గీతల వరసలు చాలు. మొదటి వారం విసుగొస్తుంది, మూడో వారానికి మీ అబ్బాయి మీకంటే ముందే "డాడీ, వీడు స్లైడర్ చూడలేకపోతున్నాడు" అంటాడు, మావాడు అలాగే అన్నాడు, పదేళ్ళప్పుడు.

బోనస్ వరసలో ఆ 20 పేర్లు, పక్కన పుట్టినరోజులు రాసి ఇక్కడే పెట్టండి. మీకు నచ్చిన ముగ్గురి పేర్ల కింద గీత గీయండి, నేను కూడా నా ముగ్గుర్ని విడిగా రాసి పెడతా, మూడేళ్ళ తర్వాత ఇద్దరం చూసుకుందాం.